పేరు వచ్చే చోట

ఫహాహీల్‌లో మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
ఇస్త్రీ బల్ల కాళ్ళు కదలకుండా
రెండు బియ్యం సంచులు ఆనించి
బలిపీఠం చేస్తాను.
తెల్లగుడ్డకి గంజి పెట్టేది నేనే, నేను పనిచేసే లాండ్రీలోనే.
శుక్రవారం తెల్లారుజామున కిటికీలకి దుప్పట్లు కట్టాక
ఆరు వారాలకోసారి విజిట్ వీసా మీద వచ్చే ముసలి ఫాదరు
మాకు వీపు పెట్టి నిలబడతాడు.
వీపు కాదు శౌరమ్మా, దేవుడి వైపు ముఖం, అంటాడు మా అన్న.
సరే. నాకు కనపడేది మాత్రం
మెడ దగ్గర తడిసిన జరీ.

లతీను నాకు రాదు.
మా నాయనమ్మకీ రాదు, నోటికి మాత్రం వచ్చు.
మిరపకాయల తొడిమలు తీస్తూ
కీరియె, కీరియె, అని తుమ్మేది.

గొడవ లతీను గురించి కాదు, అందులో ఇద్దరిదీ ఒకటే మాట.
గొడవ ఒక్క పేరు గురించి.
పూజ నడిమధ్య, ఫలానా పోపుగారితో ఏకమై అర్పిస్తున్నాం అని
గురువు చెప్పాల్సిన చోటొకటి ఉందట.
ఆ పేరు పలికితే పూజ మైలపడ్డట్టే, అంటాడు మా అన్న ఇన్నాసప్ప.
రోములో పీఠం ఖాళీ, మనం పుట్టకముందు నుంచీ ఖాళీ.
తెల్లంగీ తొడిగినవాడల్లా తండ్రి కాడు.
మా ఆయన రాయప్ప అంటాడు:
దారి తప్పినా తండ్రి తండ్రే.
మాట వినను, ఎదురు తిరుగుతాను,
ఇంటిపేరు మాత్రం మార్చుకోను.

ఆ గదిలో ఇంటిపేరు మార్చుకున్నది
నేనొక్కదాన్నే. నన్నెవరూ అడగలేదు.

మాట విననివాడివి తండ్రని ఎందుకంటావు?
తండ్రే లేడనేవాడివి ఎవరింట్లో ఉంటున్నావు?
ఒకటే గది. పరదాకి అటు అన్న, ఇటు మేం.
పప్పుగిన్నె పరదా కిందనుంచి అటూ ఇటూ జరుగుతుంది.

గమ్మత్తేమిటంటే ఆ ప్రార్థన పైకి వినపడదు.
పెదవుల్లోనే. పాత పద్ధతి అంతే.
ఫాదరు ఆ పేరు చెప్పాడో లేదో
పైవాడికి తెలియాలి,
లేదంటే పక్కన మోకరించే బాలశౌరికి.
బాలశౌరికి ఆ వైపు చెవి లేదు,
రిఫైనరీలో కంప్రెసర్ పక్కన తొమ్మిదేళ్ళు చేశాడు.
"ఆ చోట దగ్గాడనుకుంటా" అన్నాడు.
ఆ దగ్గు మీద రెండు నెలలు వాదించుకున్నారు.

ఎండలు ముదిరాక అన్న కఫీల్ పోయాడు.
పదిహేడేళ్ళలో ఒక్కసారి చూశాడు ఆయన్ని,
కారద్దం దించినప్పుడు.
కొడుకులిద్దరు, తమ్ముడొకడు, కంపెనీ నాదంటే నాదని.
కార్డు గడువు దాటింది.
సంతకం పెట్టే కుర్చీలో ఎవరూ లేరు.
అన్న రోజూ వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడి వచ్చేవాడు,
చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు, చేతిలో వేడెక్కిన నీళ్ళ సీసా.

మా ఆయన నోట్లో ఒక మాట తిరగడం చూశాను.
అన్నం వడ్డిస్తూ చూశాను.
మింగేశాడు.
ఆ ఒక్క ముద్దకి ఆయన్ని పునీతుల్లో కలపొచ్చు అనుకున్నాను.
చివరికి అన్నే అన్నాడు, పచ్చడి వేలు నాకుతూ:
"పెద్దాడు పెడతాడట సంతకం.
వాడు వారసుడో కాదో మనకేం తెలుసు."
నవ్వబోయి, ఆగాడు.

ఆ రాత్రి జపమాల. చివర్లో
పోపుగారి తలంపుల కొరకు ఒక పరలోక జపం ఉంటుంది.
ఎప్పుడూ ఆ సమయానికి అన్నకి
కడగాల్సిన గ్లాసులు గుర్తొస్తాయి.
ఆ రాత్రి లేవలేదు. పెదవీ కదపలేదు.
పూస పట్టుకుని కూర్చున్నాడు.
పరదాకి ఇటునుంచి మా ఆయన
ఎవరి కోసమో చెప్పకుండా
పరలోకమందుండెడు మా తండ్రీ, అని మొదలుపెట్టాడు.

నేను పీఠం గుడ్డ మడిచాను, మూడు నిలువు, మూడు అడ్డం.
ఫాదరు టిక్కెట్టు చందాలో అన్న వంతు అయిదు దీనార్లు
మా ఆయనే తీసి బల్ల మీద పెట్టాడు.
చిట్టాలో ఎవరి పేరు రాయను, అని అడిగాను.
ఇద్దరూ గోడవైపు చూశారు.