చార నడిచే కొండ

మా గుడిసె కిటికీలోంచి చూస్తే
వాలుకి అడ్డంగా తెల్లటి చారలు,
బెరడూడి, ఎండి, నిలబడే ఉన్న చెట్లు.
మొదటిసారి ఎక్కివచ్చినవాళ్ళు అడుగుతారు
పురుగు పట్టిందా, అగ్గి పడిందా అని.
మిసో పులుసు గిన్నె మూత తీస్తూ
"గాలి" అంటాను.
ఇంకా చెప్పబోతే పులుసు చల్లారుతుంది.

చెప్పాల్సింది నిజానికి కాస్తే.
గాలి ముందు వరస షిరాబిసోలని కొడుతుంది.
అవి పడితే వెనక వరసకి చాటు పోతుంది,
ఇక దెబ్బలు దానివి.
అలా ఏడాదికి రెండడుగులో మూడడుగులో
చావు కొండెక్కుతుంది,
బియ్యం మూటతో నేనెక్కినట్టే, ఆగి ఆగి.
దాని మడమల వెంటే పచ్చదనం.

అమ్మ ఈ తలుపు తాళం తీసిన మొదటి వేసవిలో
చార నీళ్ళతొట్టి పక్కనే ఉండేదట.
ఇప్పుడక్కడ నా భుజం ఎత్తు చెట్లు,
దువ్వెన పళ్ళలా ఇరుకిరుకుగా.
వాటి మధ్య పడ్డ గరిటె ఇంతవరకూ దొరకలేదు.

పోయిన సెప్టెంబరులో నెగోరో గారు వచ్చారు,
చదరపు మీటరు చట్రం వీపున కట్టుకుని.
ముసలి చెట్ల కింద, నాచు మీద మోకరిల్లి
వేలెడంత మొలకనొకదాన్ని పీకి
బ్లేడుతో చెక్కి, ఉమ్మితో తడిపి,
భూతద్దం పెట్టి చాలాసేపు పెదాలు కదిపారు.
"ఇరవై మూడు."

గ్యాసు బండ మోస్తున్న కొహెయ్ ఆగిపోయాడు.
వాడికీ అంతే.
"ఇన్నేళ్ళూ ఏం చేసిందండీ ఇది?"
"ఏమీ చెయ్యలేదు. చావలేదు."
పైన పెద్దది కూలేదాకా
కొమ్మల్లోంచి రాలిన చిల్లర వెలుగుతో
పూట గడుపుకుంటుందట.
ఆ చట్రంలోనే మరో నూట పన్నెండు.
చెట్టయ్యేది ఒకటో, అదీ లేదో,
తల ఎత్తకుండా రాసుకుంటూ చెప్పారు.

అక్టోబరు తుఫాను రాత్రి
రేకులు కొట్టుకుంటుంటే మధ్యలో వేరే చప్పుడు,
పెళపెళ కాదు,
పెద్దమనిషి కుర్చీలోంచి లేచినట్టు.
తెల్లారి వెళ్ళి చూస్తే నాచు మీద ఎండ.
పొరపాటున ఎవరో స్నానాల గది తలుపు తెరిచినట్టు
మొలకలన్నీ బిత్తరగా.
జూన్‌కి ఒక్కో కొనకి గోరంత లేతాకుపచ్చ.
అన్నిటికీ కాదు.
కొన్ని ఆ ఎండకే మాడిపోయాయి.

కొహెయ్ ఇప్పుడు ఆ అడ్డదారిన రాడు.
బండ భుజానేసుకుని చుట్టూ తిరిగి
బురద గుంటలోంచి వస్తాడు.
ఎందుకని నేనడగలేదు, వాడు చెప్పలేదు.
వాడి మేజోళ్ళు పొయ్యి మీద ఆరేసేది మాత్రం
రోజూ నేనే.