భూమి లేని బండి

చీమకుర్తి క్వారీ షెడ్డులో
పదకొండేళ్ళు రాతిదుమ్ము కప్పుకుని పడుకుందది.
మూడు మోటార్ల వైండింగు బాకీ కింద
షావుకారు దాన్ని మా మీదికి తోలాడు.
తోలాడంటే, ట్రాక్టరుకి కట్టి లాగించాడు.
రెండే సీట్లు. టాపు లేదు.
"ముగ్గురు పిల్లల్ని ఎట్టా కూర్చోబెడదామని?" అన్నాను.
సందాని వినలా.
బానెట్టెత్తి లోపలికి తొంగిచూస్తన్నాడు,
బావిలో బిందె జారవిడిచినోడిలా.

ఇంజను ఆయనది, వైరింగు నాది. అదీ ఒప్పందం.

ఉయ్యాల కోసం స్లాబులో దించిన కొక్కేనికి
చైన్ పుల్లీ తగిలించాడు.
ఇంజను నేల వదిలి నడింట్లో ఊగింది.
మా చిన్నది జోకొట్టబోయి
చెయ్యి నల్లగా చేసుకుంది.
వాల్వులు కోడిగుడ్ల అట్టలో,
ఏ గుంటది ఆ గుంటకే, పెన్నుతో నంబర్లు.
బిర్యానీ డేగిసాలో కిరసనాయిలు,
అందులో మూడు పిస్టన్లు.
నాలుగోది రాలా.
రోజూ మాపిటేళ రెండు చుక్కల ఆయిలేసి
చెక్కముక్క ఆనించి తట్టి
"రేపొచ్చిద్దిలే" అనేవాడు.
తొమ్మిది రేపులు అట్టనే పోయాయి.
పదోనాడు పళ్ళు తోముకుంటా తడితే
టక్కున జారింది.

ఇక నా వాటా.
ఎలకలు మేసిన వైరింగుని
నులకమంచం మీద పరిచాను.
కాగితంలో ఉన్న రంగులు తీగల మీద లేవు,
అన్నిటిదీ రాతిదుమ్ము రంగే.
టైలరు అమీనమ్మ దగ్గర పీలికలు తెచ్చి ముడులేశా:
గళ్ళచొక్కా గుడ్డ హెడ్‌లైట్లకి,
ఎవరిదో పెళ్ళిజాకెట్టు ముక్క స్టార్టరుకి,
బడి యూనిఫాం నీలం హారనుకి.
రాగితీగె నా వేళ్ళకి పాతచుట్టం,
వెయ్యి చుట్లు చుట్టినా లెక్క తప్పను.
ఇక్కడ లెక్క తప్పలా,
దీపమే వెలగలా.
బ్యాటరీ మీద పెడితే వెలిగే బల్బు
బండిలో పెడితే గుడ్డిది.
"నా ఇంజను ఎప్పుడో అయిపోయింది" అన్నాడు సందాని.
ఆ 'ఎప్పుడో'కి
రెండ్రోజులు అన్నం పెట్టాను గానీ
మాట పెట్టలేదు.

పగిలిన బంపరు అతకడానికి
కొత్తపట్నం పల్లెపాలెం నుంచి పోలయ్య వచ్చాడు,
ఫైబరు పడవలకి మాట్లేసే మనిషి.
గోటితో డోరు గీకి నవ్వాడు:
"ఇదీ పడవేనమ్మా. ఇనుం యాడుంది దీంట్లో?"

చేతిలో టెస్టుల్యాంపు అట్టే పట్టుకుని నిలబడిపోయాను.

ఇనపబండికి ఒళ్ళంతా భూమే,
ఎక్కడ తగిలించినా కరెంటు ఇంటికి పోద్ది.
దీనికి ఒళ్ళుంది, భూమి లేదు.
పోయిన కరెంటు తిరిగొచ్చే దోవ లేక
దీపం గడపలోనే ఆగిపోయింది.
బోరు పక్కన గుంట తీసి
ఉప్పూ బొగ్గూ దట్టిస్తా
మా అబ్బా అనేవాడు:
"వచ్చే తీగ చూసుకో ముందు,
పోయే తీగ అదే పోద్ది."
ఇరవై ఏళ్ళు విన్నాను,
ఒక్కసారీ బండి గురించి అనుకోలా.

ప్రతి దీపానికీ విడిగా ఓ నల్లతీగ,
బ్యాటరీ దాకా.
పదిహేడు.

ఆదివారం రాత్రి, వీధి నిద్రపోయాక
తాళం నేనే తిప్పాను.
ఒప్పందంలో లేదు, అయినా ఆయన పక్కకి జరిగాడు.
దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గి,
కడుపులో మిగిలిన క్వారీ దుమ్మంతా
మొన్నేసిన సున్నం మీద కక్కి
నిలకడగా తిరగడం మొదలెట్టింది.
ఎదురింట్లో లైటేశారు. తిట్టారు కూడా.

పిల్లల్ని అమీనమ్మ కాడ పడుకోబెట్టి
సముద్రం రోడ్డెక్కాం.
టాపు లేదు గదా, ఉప్పుగాలి కొప్పు ఊడగొట్టింది.
ఎడమకి సిగ్నలేస్తే హారన్ మోగుద్ది.
యాడనో నీలం పీలిక
ఇంకో పీలికతో కలిసిపోయుంటది.
"ఆపనా?" అన్నాడు.
"పోనియ్యి.
ఈ రోడ్డుకి ఎడమ మలుపులు తక్కువే."