మూడు గదుల గుండె

ఎగ్మూరు మ్యూజియంలో తిమింగలం ఎముకల కింద
సండే స్కూలు పిల్లలు పదకొండు మంది.
"టీచర్, యోనాను మింగింది ఇదేనా?"
చాక్లెట్ మూతితో కెజియా అడిగింది.
ఇది కాదమ్మా, దీని చుట్టాలెవరో అన్నాను.
చుట్టాలు అన్నచోట నాలుక తడబడింది.

ఆ రెక్కలో ఐదు వేళ్లున్నాయి.
వచ్చిన ప్రతిసారీ లెక్కపెడతాను.
ఈదే చేతికి వేళ్లెందుకు,
ఎవరికి వందనాలు చెప్పడానికి?
ఒకప్పుడు దీని పెద్దలు నేలమీద నడిచారు కనుక అని
సోమవారం నుంచి శుక్రవారం దాకా
పెరంబూరు స్కూల్లో పదో తరగతికి బొమ్మ గీసి చెబుతాను.
ఆదివారం అదే సుద్దముక్క బరువెక్కుతుంది.

మా నాన్న బర్నబాసు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు,
తెలుగు సంఘానికి డీకను.
ఆరు దినాల సంగతి అడిగితే కళ్లద్దాలు తీసి తుడిచేవాడు.
"ఒక్క పెట్టె షెడ్డు దాటడానికే మాకు నెలలు పట్టేది.
ఆయన తొందరపడ్డాడని నేనెందుకు అనుకోవాలి?"
అంతే. ఆ తర్వాత పప్పులో పులుపు తగ్గిందనేవాడు.
నాకూ ఆరు దినాల దగ్గర పేచీ లేదు.
సూర్యుడు నాలుగో దినాన వచ్చాడంటే
ముందు మూడింటినీ ఏ పొద్దుతో కొలిచారో!

మా పాస్టరయ్యగారు మాత్రం ఏడాదికొకసారి
మైకు దగ్గరికి లాక్కుని
"కోతి ఎవరి తాతో చేతులెత్తండి" అంటారు.
అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.
ఒళ్లో చేయి మాత్రం కొంచెం కదులుతుంది.

నా పేచీ వేరే చోట ఉంది.
ఇక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరంలో
పిల్లల ఆసుపత్రి, కిటికీ పక్క మంచం,
మా చెల్లి ఫీబే. నాలుగేళ్లు.
ఎప్పుడు చూసినా నేరేడుపళ్లు తిన్నట్టు పెదాలు.
డాక్టరు కాగితం మీద గుండె గీస్తూ
గోడ ఉండాల్సిన చోట పెన్ను ఎత్తేశాడు.
మంచి రక్తం, చెడ్డ రక్తం కలిసిపోతున్నాయన్నాడు.

చేపకు రెండు గదులు, కప్పకు మూడు, మనకు నాలుగు.
ఏటా జూలైలో ఈ పాఠం వస్తుంది.
మూడు దగ్గర ఆగి నీళ్లు తాగుతాను.
కప్పకు చాలిన గుండె
మా చెల్లికి చాలలేదు.

నిలవలేనివి రాలిపోగా మిగిలినవాళ్లం మనం, అంటుంది పాఠం.
తొంభైతొమ్మిదింటిని విడిచి
ఒక్కదాని కోసం కొండలెక్కిన కాపరి, అంటుంది వాక్యం.
కోట్ల ఏళ్లుగా రాలిన ఆ ఒక్కొక్కదాని కోసం
ఎవరు వెళ్లారు, ఏ లాంతరు పట్టుకుని?
అయ్యగారిని అడగలేదు.
అడిగితే తలమీద చేయిపెట్టి ప్రార్థన చేస్తారు.
ప్రార్థన వద్దని కాదు.

ఇంకొకటి కూడా ఉంది, ఎవరికీ చెప్పనిది.
కీల్పాక్ సమాధుల తోటలో
చిన్న పెట్టె దించుతుంటే అమ్మ పాట ఎత్తుకుంది.
గొంతు పగిలింది, అయినా ఆపలేదు.
నా చేతులమీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి.
అదెక్కడిదో నాకు తెలుసు.
ఒళ్లంతా బొచ్చున్న కాలంలో
చలికీ శత్రువుకీ ఉబ్బి నిలిచిన జంతువు అలవాటు.
బొచ్చు పోయింది, అలవాటు పోలేదు.
ఆ పూట నేను నమ్మానో లేదో కానీ
ఆ పాత జంతువు మాత్రం
నాకంటే ముందే లేచి నిలబడింది.

"టీచర్, దీనికీ ఐదే!"
కెజియా తన అరచేతిని గాలిలో
ఆ రెక్క ఎముకలకు సరిగ్గా ఎదురుగా పెట్టింది.
వాచ్‌మన్ విజిల్ వేశాడు, మూసే వేళయింది.
ఆదివారం. చేతిలో సుద్దముక్క లేదు.
మెట్లు దిగుతూ మొదలుపెట్టాను,
"చాలా చాలా కాలం కిందట, ఇది నడిచేది..."
"అప్పుడు దేవుడు చూస్తూ ఉన్నాడా?"
"చూస్తూనే ఉన్నాడు" అన్నాను
అవసరం కన్నా గట్టిగా.
ముందు నడుస్తున్న పిల్లలు
వెనక్కి తిరిగి చూశారు.