మొదటి యజమాని

సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద.
కాగితం మిల్లు మూతపడ్డాక
బెర్లిన్ ఊళ్ళో పొగ వదిలేవి ఇంక ఇళ్ళ చిమ్నీలే.
ఆండ్రోస్కోగిన్ నది మీద మంచు పగుళ్ళిస్తున్న చప్పుడు.
ఒజెలీ టర్కాట్ ఫోన్ చేసింది:
"ఫెర్నాన్, కింద నా ముసలిది ఏడుస్తోంది."

సెల్లార్ మెట్లు పదమూడు. ఏడోది ఊగుతుంది, నాకు తెలుసు.
టార్చి వేసి చూశాను.
మూడో సెక్షనుకీ నాలుగోదానికీ నడుమ
తుప్పు రంగు నీళ్ళు
చుక్క వెనక చుక్క
వేడి ఇనుము మీద జారి సుయ్‌మంటున్నాయి.

పైపుకి వేలాడే అట్టముక్క మీద ముప్ఫై ఆరు అక్టోబర్లు.
నాజిల్ మార్చాం, మసి దులిపాం, సంతకం పెట్టాం.
మొదటి పదకొండూ మా రోలాండ్‌వి, కోడి కెలికినట్టు.
తక్కినవన్నీ నావి.
పంతొమ్మిదేళ్ళప్పుడు పేరు చివర తోక పెట్టేవాణ్ణి.
ఇప్పుడు ఒక గీత.

ఒజెలీ బిస్కెట్ల డబ్బా తెచ్చింది.
అందులో వారంటీ కాగితం, మడతల దగ్గర చిరిగి.
"చదువు. జీవితకాలం అని రాశారు."
రాశారు, పెద్దక్షరాల్లో.
దాని కిందవి చదవడానికి మాత్రం మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చింది.
మొదటి యజమానికే.
ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళే.
ఇనుముకి హామీ, ఇనుము విప్పే చేతులకి లేదు.
లారీ కిరాయికి లేదు, వాషర్లకి లేదు,
గడ్డకట్టిన నీళ్ళకి లేదు,
దేవుడు చేసే నష్టానికి లేదు.
"దేవుడు చేసేవన్నీ పోగా ఇంక మిగిలేదేముంది?" అంది.

ఆ తర్వాత మెల్లగా,
"ఇంతకీ ఎవరి జీవితకాలం? దానిదా, నాదా?"
ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి.
అడిగితే జవాబు చెప్పి తీరాలి.
"మీది" అన్నాను.
"మరి నేనింకా ఉన్నానుగా!"

కంపెనీకి ఫోన్ కలిపాం. నలభై నిమిషాలు పియానో విన్నాం.
ఆ అచ్చులో ఇప్పుడు పోత పోయడం లేదట.
కొత్తదాని ధరలో ఎంతో కొంత తగ్గిస్తారట.
చావు కబురు చెప్పేవాడి మర్యాద ఉంది ఆ గొంతులో.

పగలగొట్టాం.
అంత బరువు ఆ మెట్ల మీదుగా ముక్కలుగానే వచ్చింది,
ముక్కలుగానే పోవాలి.
పోత ఇనుము వంగదు.
దెబ్బ మీద దెబ్బ, ఒప్పుకోదు, ఒప్పుకోదు,
ఒక్కసారిగా రెండవుతుంది.
నాలుగో మెట్టు మీద కూర్చున్న ఒజెలీ
చెవులు మూసుకోలేదు.
లోపలి గోడలు తడిమి చూశాను.
ఎక్కడికక్కడ గట్టిగానే ఉన్నాయి.
బీట వేలెడు.
వేలెడంటే వేలెడు.
దాంతోనే నూరేళ్ళూ నిండాయి.

కొత్తది నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది.
ఆ రెండు రాత్రులూ పై అంతస్తులో అద్దెకున్నవాళ్ళు
పరుపులు దించుకొచ్చి
ఒజెలీ వంటింట్లో కట్టెల పొయ్యి పక్కనే పడుకున్నారు.
గుక్కపట్టిన పాపని ఎవరు ఎత్తుకున్నారో ఎవరికీ గుర్తులేదు.

"ఇదెన్నాళ్ళు బతుకుతుంది?"
"ఏటేటా చూసుకుంటే ముప్ఫై. నీళ్ళు మంచివైతే ఇంకో ఐదు."
వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి
సగంలో ఆపేసింది.
కళ్ళజోడు తుడుచుకుని కార్డు ముందు కూర్చుంది.
మొదటి యజమాని అన్న గడిలో,
ఒక్కో అక్షరం విడివిడిగా,
టెస్సా పినెట్ అని రాసింది.

పై అంతస్తు పాప. నాలుగో నెల.
ఇంకా బోర్లా పడలేదు.

ఇది చెల్లదు.
చిన్నక్షరాలు చదివినవాణ్ణి, నాకు తెలియదా!
కంపెనీ వాళ్ళు పుట్టిన తేదీ అడుగుతారో ఏమో అని గొణుక్కుంటూ
బిగించినవారు అన్నచోట సంతకం పెట్టాను.

బర్నర్ అంటుకుంది. కొత్త రంగు కాలిన వాసన.
కాసేపటికి పైన రేడియేటర్లు టకటకమన్నాయి,
ఎవరో తలుపు కొట్టినట్టు.
ఒజెలీ నిజంగానే వెళ్ళి
తలుపు తీసి చూసింది.