నాలుగో సాక్షి

పేరు ఓబులేసు. హిందూపురం పక్క పల్లె.
కలాసిపాళ్యం బస్టాండు వెనక బారులో
ఆరేండ్లుగా టేబుళ్లు తుడుస్తా సార్.

ఆ రాత్రి వాన. కరెంటు పోయి అప్పుడే వచ్చింది.
గిరీశ మూడో టేబుల్లో, గోడకు ఆనుకొని,
ఉడికిన శనక్కాయల మీద నిమ్మకాయ పిండుకుంటా ఉన్నాడు.
నంజుండప్ప డ్యూటీ బట్టల్లోనే వచ్చినాడు.
బ్యాంకు క్యాష్ బండికి కాపలా మనిషి,
తుపాకి భుజానే ఉంది.
రోజూ చూసేదే. మాకది గొడుగు మాదిరి.

“ఆ యమ్మి పేరు ఇంకోసారి చెప్పు” అన్నాడు.
గిరీశ చెప్పినాడు.
నవ్వుతా చెప్పినాడు.

షట్టరు తెగి పడిందనుకున్నా సార్.
ట్రే మాత్రం కింద పెట్టలేదు, ఎందుకో.

కారణమా? మావైపు కడుపుమంట అంటాం.
దుబాసి దాన్ని హొట్టెకిచ్చు అన్నాడు,
టైపు మిషన్ కాడికి పోయేసరికి ‘అసూయ’ అయింది.
మంట ఒకడి కడుపులో,
గుండు దిగింది ఇంకొకడి కడుపులో.
అది రాసుకున్నారో లేదో.

ఎంత దూరం, ఎన్ని పెగ్గులు, ఏ చెయ్యి,
అన్నీ అడిగినారు.
ప్రమీల ఎవరి బండెక్కి పోయిందో
నంజుండప్ప చెవిన మొదట వేసిందెవరని
ఒక్కరూ అడగలేదు.

ఇరవై రూపాయలిచ్చినాడు ఆ మాటకు.
బిల్లు కట్టి, చిల్లర వదిలేసి,
భుజం తట్టి మరీ పోయినాడు.
ఆ ఇరవైతో ఆ రాత్రే పరోటా తిన్నా.
కుర్మా బాగుండింది.

సంతకమా సార్?
ఎక్కడ, ఈ గీత మీదనా?