చుక్క

ఆగస్టంటే మా ఈస్టర్న్ కేప్‌లో చలి.
కరూ మైదానం మీద తెల్లారేసరికి
ఎవరో ఉప్పు చల్లి పోయినట్టు మంచు.

మేయరు గారు విగ్రహం అన్నారు.
ఖోలెకా ద్యాంత్యికి విగ్రహమా,
ఉన్న చోట నిమిషం ఉండని మనిషికి?
మా వీధి ఆడవాళ్ళు నవ్వి
ఆ చందా డబ్బుతో
నాలుగు వందల రబ్బరు వాషర్లు కొన్నారు.

ఆమె పుట్టినరోజున మేం కారే కుళాయిలు బాగుచేస్తాం.
ఇది ఆరో ఏడు.
నేను ప్లంబర్ని, మోకాళ్ళు అరిగినవాణ్ణి.

ఆ రోజుల్లో వీధంతటికీ ఒకటే కుళాయి.
బకెట్టు నిండేలోగా
ఆమె చెవిన ఒక పేరు పడేది.
రాత్రి ఎవర్ని పట్టుకెళ్ళారు,
వ్యాను నంబరెంత, ఒంటి మీద ఏ రంగు చొక్కా,
కాళ్ళకి చెప్పులున్నాయా.
అన్నీ గీతల పుస్తకంలో, పెన్సిలుతో.
సిరా అయితే తడికి చెదిరిపోతుందని.
తిరిగొచ్చినవాడి పేరు పక్కన ఒక చుక్క.
రానివాడి పక్కన ఏమీ లేదు.
ఎవరి పేరూ కొట్టెయ్యలేదు ఆమె.

పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా మిగిలాయి.
అద్దాల పెట్టెలో పెడదామన్నాడు హెడ్మాస్టరు.
"కాగితం ఉన్నది రాయడానికి," అంది
ఆమె కూతురు ఫుమ్లా, అంతే.
ఇప్పుడందులో లుఖో రాస్తాడు,
పదకొండేళ్ళవాడు, ముక్కు ఎగబీలుస్తూ:
ఇల్లు 1132, వంటగది. చుక్క.
ఇల్లు 1139, పెరడు, గొట్టమే పోయింది,
మళ్ళీ రావాలి.
చుక్క పెట్టలేదు.

1147 దగ్గర అందరికీ ఒక్కసారే
బూట్ల లేసులు ఊడిపోయాయి.
వంగి కట్టుకుంటున్నారు.
అది సార్జెంట్ మ్కికెలా ఇల్లని
లుఖోకి తెలీదు. తలుపు కొట్టేశాడు.

ముందు వాకింగ్ ఫ్రేము వచ్చింది, వెనకాల అతను.
"కారుతోందా?" అన్నాను.
"రాత్రంతా. నిద్ర పట్టదు."
ఎన్నేళ్ళుగా అని అడగలేదు నేను.

సింకు కింద దూరాను. టార్చి అతనే పట్టుకున్నాడు.
మా నాన్న మొహం మీద టార్చి పట్టిన చెయ్యే అది.
మంచం కింద నుంచి చూశాను,
అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.
ఆ వేళ వెలుతురు కదల్లేదు.
ఇప్పుడు వణుకుతూ
గోడ మీద ఎలకలా పరిగెడుతోంది.
"కాస్త ఇటు," అన్నాను.
ఇటు పట్టాడు.

పాత వాషరు నా అరచేతిలోకి వచ్చింది,
చీలిన, నల్లటి, చెవితమ్మెంత ముక్క.
అడుగుదామనుకున్నాను.
ఒకటే మాట. ఎక్కడ? అని.
నీళ్ళు నమిలాను.
అతనూ నమిలాడు.
ఆ చిన్న వంటగదిలో కుళాయి కట్టేశాక
నీళ్ళన్నీ మా ఇద్దరి నోళ్ళలోనే.

గుమ్మంలోంచి లుఖో:
"పేరు రాయనా తాతా, నంబరు చాలా?"
"పేరు రాయి."
అతనే చెప్పాడు, అక్షరం అక్షరం,
బోనులో నిలబడ్డవాడిలా,
మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుని.
లుఖో రాసి, వంపుగా చూసుకుని,
చుక్క పెట్టాడు.

బయటికొచ్చాక పుస్తకం అడిగి తీసుకున్నాను.
పదిహేడో పేజీ.
మ్జిమాసి గ్కోబా. గోధుమరంగు కోటు.
చెప్పులు లేవు. వ్యాను నంబరు సగమే.
పక్కన ఖాళీ, వేలు పెట్టేంత.
చూసుకోకుండా బొటనవేలు అక్కడే ఆనించాను.
గ్రీజు అంటుకుంది.
చుక్క కాదది.
తుడవబోతే ఇంకా పరుచుకుంది.

"1151లో ధార కడుతోందట!"
వీధి చివర్నుంచి అరుస్తున్నాడు లుఖో.
సంచిలో ఇంకా రెండొందల పైనే వాషర్లున్నాయి.
పుస్తకం చొక్కాలో దోపుకుని
మెట్టు మీంచి
మోకాళ్ళు పట్టుకుని లేచాను.