ఎర్ర పెయింటులో రెండక్షరాలు

మల్కాపురంలో ట్యాంకర్లు వరసకట్టే చోట
అసిరినాయుడు పెయింటు మేస్త్రీ,
నేను డబ్బా పట్టుకునే కుర్రాణ్ని.
ట్యాంకరు వీపు మీద సుద్దదారం కొట్టి
ఊపిరి బిగబట్టి
ఇన్‌ఫ్లేమబుల్ అని ఇంగ్లీషులో రాసేవాడు,
ఒక్కో అక్షరం జానెడు.

"ఫ్లేము అంటే మంట.
ముందర ఇన్ను తగిలిస్తే మంట నేదని.
ఇన్‌వాలిడ్డు, ఇన్‌కరెక్టు, ఇన్‌కంప్లీటు,
నా అర్జీల మీద ఎన్నిమార్లు సూశాను కాదు!"
అంటూ ఆ ట్యాంకరు పక్కనే
క్లీనరుకి బీడీ ముట్టించబోయాడు.
డ్రైవరు కొట్టిన దెబ్బకి
బీడీ ఒక పక్క, కుంచె ఒక పక్క.

ఆ సాయంత్రం చెంప తడుముకుంటూ
జ్ఞానాపురం వెళ్లాం.
ఫిలోమినా టీచరు పొయ్యి మీద పులుసు పెట్టి
చిన్నప్పుడు లాటిన్‌లో జపాలు వల్లించిన గొంతుతో చెప్పింది:
"ఇన్నులు రెండు నాయుడూ.
ఒకటి కాదంటుంది. ఒకటి లోపలికి రమ్మంటుంది.
పుట్టిళ్లు వేరు.
ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాయి.
కాదనేది మన 'అ'కి దూరపు చుట్టం,
అన్యాయంలో ముందు నిలబడుతుందే, ఆ 'అ'.
నువ్వు రాసింది రెండోది.
మంటలోకి పోయేదని."

"మరి ఇన్‌కమ్ము?"
"అది ఇంకోటి. ఇంగ్లీషువాళ్ల సొంతూరిది.
అదీ లోపలికి రమ్మనే అంటుంది."
"నాకాడికి కాదనేదే వొచ్చింది" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ నవ్వి
"పక్కన ఎవరుంటే వాళ్ల రంగు పూసుకుంటుంది కూడా.
పి ముందర ఇమ్ము, ఎల్ ముందర ఇల్లు.
ఇంపాజిబుల్. ఇల్లీగల్."

మేస్త్రీ చాలాసేపు ఊరుకున్నాడు.
కొండవాలున ఆయన తలుపుకి
పోయిన నెల అంటించిన నోటీసులో మాట అది.
"ఇల్లీగల్లో ఇల్లుంది గదమ్మా" అన్నాడు.
పులుసు పొంగింది. ఆవిడ లేవలేదు.

గుమ్మం దాకా వచ్చి మాత్రం అంది:
"మన ఊరి పేరులోనూ ఉందయ్యా అలాంటిది, 'వి'.
కొమ్మలు లేనిదన్నా విశాఖే
కొమ్మలు చాచిందన్నా విశాఖే.
నాకు సంస్కృతం రాదు, మా ఆయన చెప్పేవాడు.
ఏది నిజమంటే
బండి అందదు పొమ్మనేవాడు."

కాన్వెంట్ జంక్షన్‌లో దారులు చీలే చోట
మేస్త్రీ కాసేపు ఆగి అన్ని వైపులా చూశాడు.
ఏ బస్సో మర్చిపోయాడనుకున్నాను.

మర్నాడు అదే ట్యాంకరు కింద
జానెడు తెలుగు అక్షరాల్లో
అంటుకుంటుంది
అని రాశాడు. ముందర ఏమీ తగిలించలేదు.
ఆ మాటకి కూలి ఇవ్వనన్నాడు ఓనరు.
"ఇవ్వొద్దు. సెరపొద్దు" అన్నాడు మేస్త్రీ.

ఇల్లు జూలై వానల్లో కొట్టేశారు.
మేస్త్రీ అనకాపల్లి వైపు వెళ్లాడని విన్నాను.

బోర్డులు ఇప్పుడు నేను రాస్తున్నాను.
విశాఖపట్నం అని రాయాల్సొస్తే
శాఖపట్నం ముందు రాసి
'వి'కి చోటు వదిలి
టీ తాగొచ్చి రాస్తాను.